హెడ్ గాస్కెటు మాటిమాటికి ఏల పోవును?

అనంతపురము, గుత్తి, ధర్మవరము, కదిరి - ఈ ఊళ్ల మోటారు షెడ్లలో వేసవి ముదిరినపుడు వినబడు మాట "గాస్కెటు పోయినది" అనునది. పాత అంబాసిడరో, పద్మినియో, వేరుసెనగ బస్తాలు మోయు జీపో షెడ్డునకు వచ్చును. హెడ్డు విప్పుదురు, కొత్త గాస్కెటు వేసి బిగింతురు. రెండు నెలలు తిరుగకముందే అదే బండి అదే జబ్బుతో మరల వచ్చును. గాస్కెటు నాసిరకమని యజమాని అనును. బండికి వయసు మీరినదని మెకానిక్కు అనును. గాస్కెటు వెల స్వల్పమే. కాని హెడ్డు విప్పి బిగించు కూలి, బండి నిలిచిన దినముల బాడుగ నష్టము కలిపినచో, బండిమీద బ్రతుకు సంసారమునకు అది చిన్న దెబ్బ కాదు. ఒకసారి పోయిన గాస్కెటు పాతబడి పోయి ఉండవచ్చును. రెండవసారి, మూడవసారి పోయినచో మాత్రము కారణమును దాని చుట్టుపట్ల వెదకవలెను.

ఇంజనులో సిలిండరులున్న క్రింది భాగము బ్లాకు. దానిపై మూతవలె అమరిన భాగము హెడ్డు. ఈ రెంటి నడుమ ఉండు పలుచని పొరయే గాస్కెటు. చూచుటకు అట్టముక్కవలె ఉన్నను దాని పని కఠినమైనది. సిలిండరులోని మంటను, ప్రక్కనే ప్రవహించు నీటిని, నూనెను ఒకదానితో ఒకటి కలియనీయరాదు. అంబాసిడరు కారులో చిరకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో సిలిండరు వ్యాసము సుమారు 73 మిల్లీమీటర్లు. అనగా వైశాల్యము దాదాపు 42 చదరపు సెంటీమీటర్లు. పెట్రోలు మండిన క్షణమున పీడనము చదరపు సెంటీమీటరుకు 40 కిలోగ్రాములు అనుకొన్నచో, ఒక్క సిలిండరు హెడ్డును పైకి నెట్టు బలము 1,680 కిలోగ్రాములు! ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ప్రతి సిలిండరులోను సెకనుకు 25 సార్లు ఈ దెబ్బ తగులును. బోల్టుల బిగువు దీనిని మించి ఉన్నంతవరకే గాస్కెటు నిలుచును.

దీనికి తోడు లోహములు వేడికి వ్యాకోచించును. అంబాసిడరులో బ్లాకు, హెడ్డు రెండును పోత ఇనుముతో చేసినవే. పద్మినిలో బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియము. ఒక డిగ్రీ వేడికి అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెండింతలు సాగును. 40 సెంటీమీటర్ల పొడవు గల హెడ్డు 70 డిగ్రీలు వేడెక్కినచో అల్యూమినియము 0.64 మిల్లీమీటరు, ఇనుము 0.31 మిల్లీమీటరు పెరుగును. ఈ తేడా అంతయు బండి కదలిన ప్రతిసారియు గాస్కెటుపై ఒరపిడిగా పడును. గాస్కెటును దీనిని ఓర్చుకొనునట్లే తయారు చేయుదురు. ఓర్చుకొనలేనిది మితిమీరిన వేడిని. నీరు అందక హెడ్డులో ఒక్కచోట మాత్రము విపరీతముగా కాగినపుడు, ఆ చోటి లోహము సాగబోవును. చుట్టునున్న చల్లని లోహము, బోల్టులు దానిని సాగనీయవు. అది లోలోపల నలిగి, చల్లారిన పిమ్మట కుంచించుకొని హెడ్డునే వంచును. వంగిన హెడ్డు క్రింద ఎంత ఖరీదైన గాస్కెటు వేసినను ప్రయోజనము లేదు.

అయితే నీరు ఏల అందదు? ఇక్కడనే ఈ పీఠభూమి సంగతి ముందుకు వచ్చుచున్నది. అనంతపురము ప్రాంతమున సాలున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువులు ఎండిన ఏడు బండికి పోయు నీరు కూడ బోరు నీరే. ఆ నీరు గ్రానైటు, నైసు శిలల పగుళ్లలో చాలకాలము నిలిచి కాల్షియము, మెగ్నీషియము లవణములను కరగించుకొని వచ్చును. కఠిన జలము అని పాఠశాలలో చెప్పునది ఇదియే. వేడెక్కినపుడు అందలి కాల్షియము బైకార్బొనేటు విడిపోయి కార్బన్ డయాక్సైడు పైకి పోగా, కాల్షియము కార్బొనేటు గట్టి పొరగా అడుగున దిగును. నీళ్లు కాచు అండాలో తెల్లగా పట్టు సున్నమును ప్రతి ఇంటివారు ఎరుగుదురు. ఇంజను లోపల పట్టినది మాత్రము ఎవరికిని కనబడదు. ఈ పొర ఇనుముకంటె ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేయును. అనగా ఒక్క మిల్లీమీటరు గార, ఇంజను గోడకు రెండు సెంటీమీటర్లకు మించిన ఇనుపపలకను అదనముగా తాపినట్లు పని చేయును. ఆవిరి ఇంజనుల కాలమున రైల్వేవారు బాయిలరులను నియమముగా కడుగుచుండుటకు కారణము ఈ గారయే.

ఇందులో గమనింపదగిన లెక్క యొకటి ఉన్నది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యము గల నీటిని 8 లీటర్లు ఒకసారి పోసి మూసినచో, అందలి లవణము 4 గ్రాములే. అది అంతయు దిగినను పెద్ద ప్రమాదము లేదు. కాని రేడియేటరు మూత వదులై దినమునకు ఒక లీటరు ఆవిరిగా పోవుచుండ, దానికి బదులు అదే నీటిని పోయుచున్నచో, ఏడాదికి 180 గ్రాముల లవణము ఇంజనులోనే మిగులును. నీరు పోవును, సున్నము పోదు! కావున "దినమునకొక చెంబెడు నీళ్లేకదా" అని ఊరకుండరాదు.

ఎండ దీనికి తోడగును. 90 డిగ్రీల నీటినుండి 25 డిగ్రీల గాలికి పోవు వేడికి ఆధారము 65 డిగ్రీల తేడా. మే నెలలో గాలి 42 డిగ్రీలున్నచో ఆ తేడా 48 మాత్రమే. అనగా రేడియేటరు శక్తి నాల్గవ వంతు తగ్గినట్లే. చలికాలమున సగము పూడిన రేడియేటరుతో నడచిన బండి వేసవిలో కాగుట అందువలననే.

గాస్కెటు పోయినదని అనుమానించుటకు గుర్తులు కొన్ని: పొగగొట్టమునుండి ఆగని తెల్లని ఆవిరి, రేడియేటరులో బుడగలు, నీరు కలిసి మజ్జిగవలె మారిన నూనె. అనుమానము తీర్చుకొనుటకు చక్కని పరీక్ష యొకటి కలదు. రేడియేటరులోని నీటిపైనున్న గాలిని బ్రోమోథైమాల్ బ్లూ అను నీలి ద్రవము గుండ పీల్తురు. సిలిండరులోని దహన వాయువు నీటిలోనికి దూరుచున్నచో అందలి కార్బన్ డయాక్సైడు వలన నీలిరంగు పసుపుగా మారును. ప్రయోగశాలలో సున్నపుతేటను తెల్లబరచు వాయువే ఇక్కడ రంగు మార్చును.

హెడ్డు విప్పిన పిమ్మట తొందరపడరాదు. పాత గాస్కెటులలో రాతినార ఉండెడిది; దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. పొడిగా గీకక, తడిపి తీయవలెను. తరువాత తిన్నని ఉక్కుబద్దను హెడ్డుపై నిలువుగను, అడ్డముగను, మూలలకును పెట్టి, క్రింద సందును ఫీలరు గేజితో కొలువవలెను. అదే పరీక్ష బ్లాకునకును చేయవలెను; దానిని మరచుటయే ఎక్కువ. వంపు ఉన్నచో లేతు షాపులో ఫేసింగు చేయించుట మంచిదే కాని, దానికిని హద్దు ఉన్నది. ప్రతిసారియు లోహము తగ్గి దహనకోశము చిన్నదగును. 372 ఘన సెంటీమీటర్ల సిలిండరుకు నొక్కుడు నిష్పత్తి 8 అయినచో దహనకోశము 53 ఘన సెంటీమీటర్లు. అందులో రెండు తగ్గినను నిష్పత్తి 8.3 అగును. నిష్పత్తి పెరిగినకొలది ఇంజను టకటకమని కొట్టుట మొదలిడి, ఆ దెబ్బలే కొత్త గాస్కెటును చీల్చును.

బోల్టుల రంధ్రములలో నూనె గాని మడ్డి గాని నిలిచినచో, బిగువు చేతికి తెలియును గాని హెడ్డునకు చేరదు. వానిని శుభ్రపరచి, నడుమనుండి అంచులకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో బిగింపవలెను. చేతి అలవాటును నమ్ముట పాత మెకానిక్కులకును చెల్లదు.

ఇంత చేసి రేడియేటరును అట్లే వదలినచో శ్రమ వృథా. రాగి, ఇత్తడి రేడియేటరు అయినచో పైతొట్టి ఊడదీసి గొట్టములలో సన్నని కడ్డీలు ఆడింతురు. బ్లాకులోని గారకు సిట్రిక్ ఆమ్లమువంటి మెత్తని ఆమ్లము చాలును; ఘాటైన ఆమ్లము అల్యూమినియమును తినివేయును. కారుట ఆపుటకు రేడియేటరులో పసుపు వేయుట కొందరి అలవాటు. దారిలో చిక్కుకొన్నవానిని అది ఇంటికి చేర్చునేమో కాని, చిల్లితో పాటు సన్నని గొట్టములను కూడ పూడ్చగలదు. థర్మోస్టాటు పెరికివేయుట మరియొక అలవాటు. పూడిన రేడియేటరు దానివలన తెరచుకొనదు. కాగిన ఇంజనుపై చన్నీళ్లు కుమ్మరించుట అన్నిటికంటె చెడ్డది, హెడ్డు పగులును. వేడిమీద మూత తిప్పుట మనిషికే ప్రమాదము. మూత క్రింద పీడనము సగము వాతావరణము అధికముగా ఉన్నచో నీరు 111 డిగ్రీలదాక మరుగదు; మూత తీసిన క్షణమున అది ఒక్కసారిగా మరిగి ముఖముపైకి లేచును.

తిరిగి నింపుటకు బ్యాటరీ దుకాణములలో దొరకు స్వేదన జలమును, త్రుప్పు ఆపు మందు గల కూలెంటును తగు పాళ్లలో కలిపి వాడవలెను. స్వేదన జలము ఒక్కటే అయినచో గార పట్టదు గాని లోహము త్రుప్పు పట్టును. అది దొరకని పల్లెలో, మొదటి జల్లుతో కప్పు కడిగిన పిమ్మట పట్టి వడగట్టిన వాననీరు బోరు నీటికంటె ఎంతో మేలు. పాతరకము గాస్కెటు వేసినచో, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత, తయారీదారు చెప్పిన పద్ధతిలో బోల్టులను మరియొకసారి సరిచూచి బిగింపవలెను.