ఉక్కు కోసం పిలిచిన మీటింగు

నియంతలు పెరిగితే లోకమంతా యుద్ధంలోకి ఎలా వెళ్తుంది? 1937 నాటి ఒక మినిట్స్ కాగితం చెప్పే కథ

1937 నవంబరు 5, శుక్రవారం. బెర్లిన్‌లోని రైష్ ఛాన్సలరీలో సాయంత్రం నాలుగుంపావుకి ఒక మీటింగు మొదలైంది. కావాలని అడిగింది యుద్ధ మంత్రి ఫీల్డ్ మార్షల్ బ్లోంబెర్గ్. విషయం చాలా మామూలుది. ఉక్కు చాలడం లేదు. ఓడలు కట్టడానికి తన వాటా రావడం లేదని నౌకాదళాధిపతి రేడర్ గొడవ. వైమానిక దళాధిపతి హెర్మన్ గోరింగ్ చేతిలోనే నాలుగేళ్ల ఆర్థిక ప్రణాళిక కూడా ఉంది. అంటే ముడిసరుకుల పంపకం ఆయనదే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే మొదటి బంతిలో విస్తరి వేసుకుని కూర్చున్నాడు. ఈ తగువు తీర్చమనే అందరూ హిట్లర్ దగ్గరికి చేరారు.

హిట్లర్ నోరు తెరిచాక ఉక్కు ఊసు పక్కకు పోయింది. రాత్రి ఎనిమిదిన్నర దాకా సాగిన ఆ సమావేశపు మినిట్స్‌లో, అసలు ఏ పని మీద పిలిచారో ఆ పనికి దక్కింది చివర్లో ఒక్క వాక్యం: రెండో భాగంలో ఆయుధ సామగ్రికి సంబంధించిన విషయాలు చర్చించారని. అంతే. కింద కర్నల్ హోస్‌బాఖ్ సంతకం.

‘నియంతలూ ప్రపంచ యుద్ధమూ’ అని ఈ సంచికకు సంపాదకులు ఇచ్చిన అంశం ఖండాలంత పెద్దది, గడువు మాత్రం వారం కూడా లేదు. నియంతల బాల్యం మీద, మీసాల మీద, మానసిక రోగాల మీద పుస్తకాలకు కొదవ లేదు. ఈ కథనానికి వాటి మీద అంత నమ్మకం లేదు. పిచ్చివాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు. ఆ పిచ్చిని ప్రభుత్వ ఉత్తర్వుగా మార్చడానికి కాగితాలు, సంతకాలు, కుర్చీలు కావాలి. అందుకే ఇక్కడ పెద్దపీట ఆ మినిట్స్‌కే.

గదిలో ఉన్నది ఏడుగురు. హిట్లర్, బ్లోంబెర్గ్, సైన్యాధిపతి ఫ్రిచ్, రేడర్, గోరింగ్, విదేశాంగ మంత్రి నాయ్‌రాత్, వీళ్లందరి మాటలూ గుర్తుపెట్టుకున్న సైనిక సహాయకుడు ఫ్రీడ్రిఖ్ హోస్‌బాఖ్. రాసుకున్న నోట్సు, జ్ఞాపకం కలిపి ఆయన నవంబరు 10న ఈ పత్రం తయారుచేశాడు. ఒకసారి చూడమని హిట్లర్‌ను అడిగితే తీరిక లేదన్నాడట. మళ్లీ అడిగినా అదే జవాబు. ఒకవేళ తాను చనిపోతే ఈ మాటల్నే తన వీలునామాగా తీసుకోమని సమావేశంలో చెప్పిన మనిషి, ఆ వీలునామాను చదవడానికి మాత్రం పది నిమిషాలు కేటాయించలేదు.

మినిట్స్ చదువుతుంటే మొదట తగిలేది ఉన్మాదం కాదు, సరుకుల చిట్టా. జర్మన్లు ఎనిమిదిన్నర కోట్ల మంది, ఉన్న నేల చాలదు. బొగ్గు సరిపోతుంది, ఇనుముకు ఇబ్బంది, రాగి, తగరం దొరకవు, తిండి విషయంలో స్వయంసమృద్ధి అసాధ్యం. ప్రపంచ వ్యాపారంలో పాలు పెంచుకుందామా అంటే సముద్ర దారులు బ్రిటన్ చేతిలో ఉన్నాయి. ఇక మిగిలింది బలప్రయోగమే. ఎప్పుడు, ఎలా అన్నదే ప్రశ్న. ఆ తర్వాత మూడు సందర్భాలు. ఏదీ కలిసిరాకపోతే 1943–45 మధ్య ఎలాగూ కొట్టాలి. ఫ్రాన్స్‌లో అంతర్గత కలహం వస్తే చెకొస్లొవేకియా మీద వెంటనే. ఫ్రాన్స్ ఇంకెవరితోనైనా యుద్ధంలో ఇరుక్కుంటే, చెకొస్లొవేకియాతో పాటు ఆస్ట్రియా మీద కూడా.

1943–45 ఎందుకు? ఆ తర్వాత ఆలస్యమైతే ఆయుధాలు పాతబడతాయి, మిగతా దేశాలు కూడా సన్నద్ధమవుతాయి, విదేశీ మారకం లేక తిండికి కటకట వస్తుంది అంటాడు. వాటి పక్కనే ఇంకో కారణం: ఉద్యమానికీ, దాని నాయకులకూ వయసు మీదపడుతోంది. అప్పటికి హిట్లర్‌కు 48 ఏళ్లు. తన వయసును రాజ్య అవసరాల జాబితాలో చేర్చుకున్న ఈ పంక్తి దగ్గర ఎవరైనా ఆగాల్సిందే. పదవీకాలం ఉన్న ప్రధానికి వయసు మీదపడితే ఇంకొకరు వస్తారు. తనే రాజ్యం అనుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఇంకో పంక్తి. ఆస్ట్రియా నుంచి పది లక్షల మందిని, చెకొస్లొవేకియా నుంచి ఇరవై లక్షల మందిని బలవంతంగా పంపేస్తే, యాభై అరవై లక్షల మంది జర్మన్లకు తిండి మిగులుతుందట. మూడు నెలల బడ్జెట్ సర్దుబాటు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

అసలు ఆసక్తికరమైన భాగం దీని తర్వాత వస్తుంది. గదిలో ఉన్నవాళ్లు నోరు విప్పారు. బ్రిటన్, ఫ్రాన్సులను శత్రువులుగా చేసుకోకూడదని బ్లోంబెర్గ్, ఫ్రిచ్ గట్టిగానే అన్నారు. ఇటలీతో యుద్ధం వచ్చినా ఫ్రాన్స్‌కు జర్మన్ సరిహద్దులో బలగం మిగులుతుందని లెక్కలు చెప్పారు. చెక్ కోటలు ఫ్రాన్స్ మాజినో రేఖకు తీసిపోవని బ్లోంబెర్గ్ గుర్తుచేశాడు. ఫ్రాన్స్, ఇటలీల మధ్య యుద్ధం హిట్లర్ అనుకుంటున్నంత దగ్గర్లో లేదని నాయ్‌రాత్ అన్నాడు. ఫ్రిచ్‌కు ఇంకో సందేహం: నవంబరు 10 నుంచి తను సెలవు మీద విదేశానికి వెళ్లాలి, మానుకోవాలా? అక్కర్లేదు, అంత తొందరేమీ లేదన్నాడు హిట్లర్. ఫ్రిచ్ ఈజిప్టు వెళ్లాడు.

వీళ్లను వీరులుగా చూపించే ప్రయత్నం వద్దు. ‘యుద్ధం తప్పు’ అని వాళ్లలో ఒక్కరూ అనలేదు, ‘ఇప్పుడు గెలవలేం’ అన్నారు. 1934 ఆగస్టులో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చనిపోయిన రోజే, రాజ్యాంగానికి బదులు హిట్లర్ పేరు మీదే సైనికుల చేత ప్రమాణం చేయించింది ఈ బ్లోంబెర్గే. అయినా గెలవలేమని చెప్పగల మనిషి గదిలో ఉండటం చిన్న విషయం కాదు.

ఆ మనుషులు ఎన్నాళ్లున్నారు? 1938 జనవరి 12న బ్లోంబెర్గ్ రెండో పెళ్లి చేసుకున్నాడు. సాక్షులు హిట్లర్, గోరింగ్. కొద్దిరోజులకే వధువు పేరిట బెర్లిన్ పోలీసుల దగ్గరున్న పాత ఫైలు బయటికొచ్చింది. అందులో అశ్లీల ఛాయాచిత్రాలు. మంత్రి ఇంటిదారి పట్టాడు. ఆ కుర్చీ మీద కన్నేసిన గోరింగ్, తర్వాతి వరసలో ఉన్న ఫ్రిచ్ మీద గెస్టాపో పాత ఫైలొకటి తీయించాడు. స్వలింగ సంపర్కమని ఆరోపణ, సాక్షి ఒక బ్లాక్‌మెయిలర్. అసలు ఆ సాక్షి ఎరిగింది ఫ్రిచ్‌ను కాదు, దాదాపు అదే పేరున్న ఒక రిటైర్డ్ కెప్టెన్‌ను. సైనిక కోర్టు మార్చి 10న విచారణ మొదలుపెట్టి ఆపేసింది, ఎందుకంటే న్యాయమూర్తుల్లో ఒకడైన గోరింగ్‌కు ఆస్ట్రియాను ఆక్రమించే పని తగిలింది! మార్చి 18న ఫ్రిచ్ నిర్దోషి అని తేలింది. అప్పటికి ఆయన కుర్చీలో బ్రౌఖిచ్ కూర్చుని ఆరు వారాలైంది.

ఫిబ్రవరి 4న ఒక్కరోజే అంతా సర్దేశారు. యుద్ధ మంత్రిత్వ శాఖ రద్దయింది. సైన్యం మొత్తం నేరుగా హిట్లర్ కిందికి వచ్చింది. నాయ్‌రాత్ స్థానంలో రిబ్బెన్‌ట్రాప్. గోరింగ్ ఆశించిన కుర్చీ గోరింగ్‌కు దక్కలేదు, ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చి సరిపెట్టారు. మర్నాడు జర్మన్ కేబినెట్ సమావేశమైంది. ఆ తర్వాత హిట్లర్ పాలన ముగిసేదాకా మళ్లీ సమావేశం కాలేదు. ఆరోపణ సంగతి ముందే ఫ్రిచ్ చెవిన వేసినందుకు హోస్‌బాఖ్ ఉద్యోగమూ పోయింది. నవంబరులో అభ్యంతరం చెప్పిన ముగ్గురూ మూడు నెలలు తిరిగేసరికి పదవుల్లో లేరు.

ఇదంతా హిట్లర్ పన్నిన వల అనడం తేలిక, కానీ నిజం కాదు. బ్లోంబెర్గ్ పెళ్లి బ్లోంబెర్గ్ చేసుకున్నదే. నియంతకు ప్రతిసారీ కుట్ర అక్కర్లేదు. ఖాళీ అయిన కుర్చీలో తల ఊపేవాడిని కూర్చోబెట్టే అధికారం ఉంటే చాలు. మినిట్స్ చూసి ఘాటుగా విమర్శ రాసిన జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్, జనరల్స్ అందరూ కలిసి రాజీనామా చేద్దామని 1938 వేసవిలో ఒప్పించబోయాడు. ఎవరూ కదల్లేదు. ఆగస్టులో ఒక్కడే తప్పుకున్నాడు. ఆ సంగతి కూడా కొన్నాళ్లు బయటికి పొక్కనివ్వలేదు.

డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. పది లక్షల మార్కుల మూలధనంతో మెఫో అనే ఉత్తుత్తి కంపెనీ పెట్టి, దాని హుండీల మీద 1938 దాకా సుమారు 1,200 కోట్ల మార్కుల ఆయుధాలు కొన్నారు. అప్పు బడ్జెట్‌లో కనపడదు. పథకం వేసిన యల్మార్ షాఖ్ట్, వేగం తగ్గించమని పోరి 1937 నవంబరు చివర్లో ఆర్థిక మంత్రి పదవి వదులుకున్నాడు. 1939 జనవరి 7న రైష్‌బ్యాంక్ డైరెక్టర్లంతా కలిసి ఖర్చుకు కళ్లెం వేయాలని హిట్లర్‌కు లేఖ రాశారు. 20న షాఖ్ట్‌ను పీకేశారు. తీర్చలేని అప్పుకు మిగిలిన దారి పక్కింటి ఖజానా. ఆస్ట్రియా చేతికి రాగానే వియన్నా కేంద్ర బ్యాంకు బంగారం బెర్లిన్ చేరింది.

చరిత్రను గబగబా చెప్పేయాలంటే: 1922లో ముస్సోలినీ, 1931లో మంచూరియాలో జపాన్ సైన్యం, 1933 జనవరి 30న హిట్లర్, మార్చి 23న 444–94 ఓట్లతో పార్లమెంటు తన అధికారాన్ని తానే అప్పగించేసిన చట్టం, 1935లో ఇథియోపియా, 1936లో రైన్‌లాండ్, స్పెయిన్, 1937 జూలైలో చైనా, 1938 మార్చిలో ఆస్ట్రియా, సెప్టెంబరులో మ్యూనిక్, 1939 మార్చిలో ప్రాగ్, ఆగస్టు 23న స్టాలిన్‌తో ఒప్పందం, సెప్టెంబరు 1న పోలండ్. ప్రతి మెట్టు దగ్గరా ఎవరూ అడ్డుపడకపోవడం పక్క నియంతకు పాఠమైంది. ఇథియోపియా విషయంలో నానాజాతి సమితి చేతులెత్తేయడం బెర్లిన్ గమనించింది.

జపాన్‌లో ఒక్క హిట్లర్ లేడు గానీ, కుర్చీలు ఖాళీ చేసే పని తుపాకీ చూసుకుంది. సైన్యం బడ్జెట్‌కు కత్తెర వేసిన ఆర్థిక మంత్రి తకహాషి కొరెకియోను 1936 ఫిబ్రవరి 26న యువ సైనికాధికారులు ఇంట్లోనే చంపారు. ఆయన వయసు 81. 1941 వేసవిలో టోక్యోలోని సమగ్ర యుద్ధ పరిశోధన సంస్థలో, శాఖల నుంచి ఏరి తెచ్చిన ముప్పై ఏళ్ల కుర్రాళ్లు నమూనా మంత్రివర్గంగా కూర్చుని అమెరికాతో యుద్ధం లెక్కగట్టారు. మొదట గెలుపులు, తర్వాత ఓడలు, చమురు తరిగిపోవడం, ఆఖర్లో సోవియట్ ప్రవేశం, ఓటమి. ఆగస్టు చివర్లో ప్రధాని నివాసంలో నివేదించారు. యుద్ధ మంత్రి టోజో శ్రద్ధగా విన్నాడు. ఇది బల్ల మీద లెక్క, అసలు యుద్ధం ఇలా ఉండదు అని తేల్చి, బయట చెప్పొద్దన్నాడు. అక్టోబరులో ఆయనే ప్రధాని.

మాస్కోలో ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపించింది. 1937 నుంచి మొదలైన ఊచకోతలో ఐదుగురు మార్షల్స్‌లో ముగ్గురు పోయారు. జర్మన్ దాడి ఖాయమని 1941 జూన్ 17న గూఢచారి శాఖ పంపిన నివేదిక మీద స్టాలిన్ తన చేత్తో బూతు రాసి తిప్పి పంపాడు. దాడి 22న మొదలైంది.

మరి స్పెయిన్‌లో ఫ్రాంకో? పోర్చుగల్‌లో సలజార్? ఇద్దరూ నియంతలే, ఇద్దరూ ప్రపంచ యుద్ధంలో దిగలేదు. 1940 అక్టోబరు 23న హెండాయ్ రైల్వే స్టేషన్‌లో హిట్లర్ స్వయంగా అడిగినా, ఫ్రాంకో ధాన్యం, ఆయుధాలు, ఫ్రెంచ్ మొరాకో కావాలంటూ బేరం సాగదీశాడు. అంతర్యుద్ధంతో ఒళ్లు హూనమైన దేశం అది. అంచేత నియంత వస్తే యుద్ధం వచ్చితీరుతుందని సూత్రం రాసేవాళ్లు స్పెయిన్ దగ్గర తడబడక తప్పదు. బ్రిటిష్ చరిత్రకారుడు ఏ.జె.పి. టేలర్ 1961లో హోస్‌బాఖ్ పత్రాన్నే కొట్టిపారేశాడు: అది పథకం కాదు, ఇంటి రాజకీయాల కోసం చెప్పిన పగటికలలు అని. నిజమే, ఆ మూడు సందర్భాల్లో ఒక్కటీ అందులో రాసినట్టు జరగలేదు. కానీ ఆ పత్రాన్ని భవిష్యవాణిగా కాక హాజరుపట్టీగా చదివితే టేలర్ వాదనకు బలం తగ్గుతుంది. 1938 సెప్టెంబరులోనో, 1939 ఆగస్టులోనో అదే గదిలో అదే మాట చెబితే కాదనే మనిషి ఎవరు మిగిలారు?

ఫ్రిచ్ మళ్లీ పదవిలోకి రాలేదు. ఒక ఫిరంగి దళానికి గౌరవ కర్నల్‌ను చేశారు. ఆ దళంతోనే వెళ్లి 1939 సెప్టెంబరు 22న వార్సా దగ్గర చనిపోయాడు.

◆ బాక్సు 1: పదిహేడు వేల రైళ్లు

1939 ఆగస్టులో యుద్ధానికి రమ్మని హిట్లర్ పిలిస్తే, సిద్ధంగా లేని ముస్సోలినీ ఒక జాబితా పంపాడు: ఇవన్నీ ఇస్తే వస్తాం. బొగ్గు, ఉక్కు, చమురు, మాలిబ్డినం కలిపి 1.7 కోట్ల టన్నులు, మోయడానికి 17,000 రైళ్లు. ఎద్దునైనా చంపే చిట్టా అది అని విదేశాంగ మంత్రి, ముస్సోలినీ అల్లుడు చియానో డైరీలో మురిసిపోయాడు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ కూలిపోతుంటే మాత్రం ముస్సోలినీ ఆగలేకపోయాడు. 10న యుద్ధం ప్రకటించాడు. సొంత వర్తక నౌకలకు ముందుగా కబురు పెట్టలేదు. దాదాపు మూడోవంతు నౌకలు విదేశీ రేవుల్లో, తిరిగిరాలేని చోట్ల చిక్కుకుపోయాయి.

◆ బాక్సు 2: విశాఖ, కాకినాడ, రంగూన్

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. ఎన్నికైన మంత్రివర్గాలను మాటమాత్రం అడగలేదు. పార్లమెంటు ఉన్న బ్రిటన్ కూడా వలసల దగ్గర ఏ తీరున నడుచుకుందో ఇది చూపిస్తుంది. అక్టోబరు చివర మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ ఊరి రేవుల్లో, మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్లు వేల మంది. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అరకాన్, అస్సాం కొండల మీదుగా కాలినడకన బయల్దేరారు. దారిలో కలరా, మలేరియా. 1942 ఏప్రిల్ 6న ర్యూజో నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాన్ నౌకాదళం ఇరవైకి పైగా వర్తక ఓడలను ముంచింది. విశాఖలో జనం సామాన్లు కట్టుకుని పల్లెలకు తరలిపోయారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది, ఆ వెనకే రేషను వచ్చింది.