అడవి మజిలీల్లో హత్యలు: ఆ పుస్తకాలను ఎలా చదవాలి?



పరీక్షలు అయిపోయాక మన హాస్టల్ పిల్లలకు దొరికే చవకైన కాలక్షేపం పుస్తకం. ఆదివారం ఉప్పల్‌లో బస్సెక్కి ఆబిడ్స్‌లో దిగితే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలుగా పోసి ఉంటాయి. మనవాళ్ల చెయ్యి ముందుగా డిటెక్టివ్ నవల మీద పడుతుంది. ఇంగ్లీషు కాస్త పట్టుబడినవాళ్లయితే, నిజంగా జరిగిన నేరాల గురించి రాసిన లావుపాటి పుస్తకాలు తిరగేస్తారు. అందులో ఒక రకానికి గిరాకీ ఎక్కువ. ఊరికి దూరంగా అడవిలో గుడారం వేసుకున్న యాత్రికులను ఎవరో చంపేస్తారు. కేక వేసినా వినేవాళ్లుండరు, చూసినవాళ్లుండరు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, పుస్తకం మాత్రం కింద పెట్టబుద్ధి కాదు.

అలాంటి పుస్తకాలు చదవొద్దని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. చదవండి. కానీ చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్న పక్కన పెట్టుకోండి: "ఈ మాట ఎవరు చెప్పారు? రుజువు ఏమిటి?" ఆ ప్రశ్న వేయకపోతే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు, మన హైదరాబాదు చరిత్రలోనే ఉంది.

బెలాంగ్లో అడవి

ముందుగా, ఇలాంటి పుస్తకాలకు పేరుపడ్డ దేశం సంగతి చూద్దాం. ఆస్ట్రేలియాలో సిడ్నీకి నైరుతి దిక్కున బెలాంగ్లో అనే అడవి ఉంది. 1992, 1993 సంవత్సరాల్లో అక్కడ ఏడుగురి అవశేషాలు దొరికాయి. అందరూ 19 నుంచి 22 ఏళ్లలోపు యువతీ యువకులు. వీపున సంచి తగిలించుకుని, దారిన పోయే వాహనాలను లిఫ్ట్ అడుగుతూ దేశం చూడడానికి బయలుదేరినవాళ్లు. ముగ్గురు జర్మన్లు, ఇద్దరు బ్రిటిష్‌వాళ్లు, ఇద్దరు ఆస్ట్రేలియన్లు. 1994లో ఐవాన్ మిలాట్ అనే రోడ్డు కూలీని అరెస్టు చేశారు. 1996లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2019లో జైలు శిక్ష అనుభవిస్తూనే చనిపోయాడు.

ఈ కేసు మీద చాలా పుస్తకాలు వచ్చాయి. మార్క్ విటేకర్, లెస్ కెనడీ అనే విలేకరులు 1998లో రాసిన "సిన్స్ ఆఫ్ ద బ్రదర్" వాటిలో పేరున్నది. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ శిక్ష ఎవరో చెప్పిన కథను నమ్మి వేసింది కాదు. అతని ఇంట్లో తుపాకి భాగాలు, చనిపోయినవాళ్ల సామాను దొరికాయి. 1990లో అతని చేతి నుంచి తప్పించుకున్న ఒక యువకుడు కోర్టుకు వచ్చి గుర్తుపట్టాడు. వస్తువులు, ప్రత్యక్ష సాక్షి కలిసి ఒక్క మనిషి వైపు వేలు చూపించాయి. శిక్ష కూడా ఆ ఒక్క మనిషికే పడింది.

మన దారుల మీద

ఇక మన సంగతికి వద్దాం. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అని మన పెద్దలు అనేవారు. రైళ్లు లేని రోజుల్లో నెలల తరబడి నడక. పొద్దుగూకితే చెట్ల కింద మజిలీ, తెల్లవారుజామునే మళ్లీ ప్రయాణం. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి వచ్చి "కాశీయాత్ర చరిత్ర" రాశారు. ఆయన పెద్ద పరివారంతో, డేరాలతో వెళ్లగలిగారు. అంత స్తోమత లేనివాళ్లు దారిలో ఎవరు తోడు దొరికితే వాళ్లతో కలిసి నడిచేవారు.

థగ్గులు ఆసరా చేసుకున్నది సరిగ్గా దీన్నే. బాటసారుల్లాగే వచ్చి కలిసేవారు. "దారిలో దొంగల భయం, కలిసి పోదాం" అనేవారు. రోజుల తరబడి కలిసి తిని, కలిసి పడుకుని నమ్మకం సంపాదించేవారు. ఊరికి దూరంగా, ముందే చూసుకున్న మజిలీలో అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉండగా "తంబాకు తీసుకురా" లాంటి ఒక మామూలు మాట వినపడేది. అదే సైగ. వెంటనే రుమాలు మెడకు బిగిసేది. గొయ్యి ముందే తవ్వి ఉంచేవారు. వెళ్లినవాడు ఎక్కడ తప్పిపోయాడో తెలియక ఇంటివాళ్లు ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు.

నిజాం కొలువులో ఒక రచయిత

ఈ హత్యల మీద ప్రపంచమంతా చదివిన పుస్తకం రాసింది నిజాం కొలువులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి. పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. 1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. పదహారేళ్లు నిండకుండానే 1824లో బొంబాయి వచ్చి, ఆ తర్వాత నిజాం సైన్యంలో చేరాడు. ఉద్యోగంలో భాగంగా, పట్టుబడి అప్రూవర్లుగా మారిన థగ్గుల వాంగ్మూలాలు స్వయంగా రాసుకున్నాడు. 1839లో లండన్‌లో "కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్" అచ్చయింది. అమీర్ అలీ అనే థగ్గు ఒక దొరకు తన జీవితకథ చెబుతున్నట్టుగా సాగుతుంది. తాను 719 మందిని చంపానని అతను గొప్పగా చెప్పుకుంటాడు. ఆ ముఠా హైదరాబాదు నగరానికి కూడా వస్తుంది.

పుస్తకం రూపం నవల. కానీ ఇందులో చాలా భాగం నిజమేనని రచయిత ముందుమాటలో చెప్పడంతో జనం దాన్ని చరిత్రగానే చదివారు. నేరస్థుడి నోటితోనే నేరం చెప్పించే పద్ధతిని ఇవాళ్టి నిజనేర పుస్తకాలు ఇప్పటికీ వాడుతున్నాయి. ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. చంపినవాడి పేరు, తెలివి, ధైర్యం అన్నీ మనకు గుర్తుండిపోతాయి. చచ్చిపోయిన 719 మంది ఒట్టి అంకెగా మిగిలిపోతారు.

సాక్ష్యం ఎవరిది?

జబల్‌పూర్ ప్రాంతంలో థగ్గుల వేట నడిపిన అధికారి విలియం స్లీమన్. 1836లో "రామసీయానా" పేరుతో థగ్గుల రహస్య భాష మీద పుస్తకం కూడా వేశాడు. 1831 నుంచి 1837 వరకు 3,266 మందిని పట్టుకున్నారని, అందులో 412 మందిని ఉరితీశారని, 483 మంది అప్రూవర్లయ్యారని, మిగిలినవాళ్లకు ద్వీపాంతరమో యావజ్జీవమో పడిందని లెక్క ఉంది.

అప్రూవర్ అంటే తన ప్రాణం దక్కించుకోవడానికి తోటివాళ్ల పేర్లు చెప్పేవాడు. వాడు నిజం చెప్పవచ్చు, కక్షకొద్దీ అబద్ధమూ చెప్పవచ్చు. చాలాచోట్ల అప్రూవర్లు చూపించిన చోట తవ్వితే అస్థిపంజరాలు బయటపడ్డాయి. కాబట్టి హత్యలు జరిగిన మాట నిజం. అందులో సందేహం లేదు. కానీ గోతిలో ఎముకలు దొరికితే హత్య జరిగిందని తెలుస్తుంది గాని, చంపింది ఫలానావాడే అని తెలియదు. దానికి అప్రూవర్ మాటే ఆధారం.

1836 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏ హత్యలో పాల్గొన్నాడో రుజువు చేయనవసరం లేదు. థగ్గుల ముఠాలో ఎప్పుడైనా ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ కఠిన శిక్ష. థగ్గుతనం తండ్రి నుంచి కొడుక్కి వస్తుందన్న నమ్మకం కూడా బలపడింది. అప్రూవర్లనూ వాళ్ల పిల్లలనూ జబల్‌పూర్‌లో ఒక పారిశ్రామిక పాఠశాలలో పెట్టి డేరాలు, తివాచీలు తయారు చేయించారు. పిల్లవాడు చేసిన నేరం ఏమిటని అడిగినవాళ్లు లేరు. తర్వాతి చరిత్రకారులు, ముఖ్యంగా 2007లో పుస్తకం రాసిన కిమ్ వాగ్నర్, ఈ పాత కథనాలను మళ్లీ పరిశీలించి, థగ్గులను కాళీ భక్తుల మతంగా కాక బతుకుతెరువుకోసం దోపిడీకి దిగిన ముఠాలుగా చూడాలన్నారు.

పుట్టుకే నేరమైన రోజులు

ఆ ఆలోచన థగ్గులతో ఆగిపోలేదు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ముఠా పోయి కులం, తెగ ముందుకొచ్చాయి. 1911లో మార్చిన చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ వచ్చింది. ఎరుకల వంటి సంచార జాతులవాళ్లు పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. డీనోటిఫైడ్ తెగలు అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి సంస్కరణ కృషి చేశారు. అయినా సినిమా పేర్లలో, జనం ఎగతాళి మాటల్లో ఆ ఊరి పేరు దొంగతనానికి మారుపేరుగా మిగిలిపోయింది.

ఇది పాత చరిత్రే కదా అనుకోకండి. నేను చదివిన హాస్టల్లో ఒకసారి ఒక అబ్బాయి ట్రంకుపెట్టెలో దాచుకున్న పరీక్ష ఫీజు డబ్బులు కనపడలేదు. ఎవరూ ఏమీ చూడలేదు. కానీ అందరి కళ్లూ ఒక్కడి వైపే తిరిగాయి, వాడి కులం పేరు వల్ల. వాడి పెట్టె ఒక్కటే విప్పించారు. చూస్తూ నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. వారం తర్వాత ఆ డబ్బు పోగొట్టుకున్నవాడి పెట్టెలోనే, అడుగున పరిచిన పేపరు కింద దొరికింది. అప్పటికే ఆ పిల్లవాడు దసరా సెలవులకు ఇంటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అతనికి క్షమాపణ చెప్పే అవకాశం మాకు దొరకలేదు.

ఒక తల్లి కథ

తప్పుడు అనుమానం పుస్తకాలతో పెరుగుతుందని చూశాం. పుస్తకంతో తగ్గిన సందర్భమూ ఉంది. 1980 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని ఉలురు కొండ దగ్గర గుడారం వేసుకున్న ఒక కుటుంబంలో తొమ్మిది వారాల పాప మాయమైంది. అడవికుక్క ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చాంబర్లేన్ చెప్పింది. ఆమె అందరి ముందూ గుండెలు బాదుకుని ఏడవలేదు, పైగా ఆ కుటుంబానిది చాలామందికి తెలియని చర్చి. అంతే, అనుమానం మొదలైంది. కారులో పసిబిడ్డ రక్తం ఉందని నిపుణులు కోర్టులో చెప్పారు. 1982లో ఆమెకు యావజ్జీవం పడింది.

1985లో జాన్ బ్రైసన్ అనే న్యాయవాది "ఈవిల్ ఏంజెల్స్" అనే పుస్తకం రాసి, ఆ సాక్ష్యం ఎంత బలహీనమైందో విప్పి చూపించాడు. 1986లో పాప పైచొక్కా ఆ కొండ దగ్గరే దొరికింది. ఆమెను విడుదల చేశారు. రక్తమన్న మరకల్లో చాలా భాగం కారులో చప్పుడు తగ్గించడానికి ఫ్యాక్టరీలో చల్లిన పదార్థమేనని తేలింది. 1988లో శిక్ష రద్దయింది. 2012లో, అంటే 32 ఏళ్ల తర్వాత, అడవికుక్కే కారణమని అధికారికంగా ప్రకటించారు.

నాచారం, ఉప్పల్ చెప్పే పాఠం

రక్తం మరక ఎవరిదో తేల్చే విద్య మన పేటల్లోనే పెరిగిందన్న సంగతి మీలో ఎందరికి తెలుసు? ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ 1980ల చివర్లో మన దేశానికి సొంత డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి తయారు చేశారు. 1991 నాటి రాజీవ్ గాంధీ హత్యకేసులో కూడా అది ఉపయోగపడింది. ఆ పనికోసం ప్రత్యేకంగా ఏర్పడిన సీడీఎఫ్‌డీ అనే కేంద్రం చాలా ఏళ్లు నాచారంలో ఈసీఐఎల్ రోడ్డులో నడిచింది. ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్‌రోడ్డులో ఉంది. మనం రోజూ బస్సులో దాటిపోయే గోడల వెనక ఈ పని జరుగుతోంది.

డీఎన్ఏ కులం చూడదు, మొహం చూడదు. దోషిని పట్టిస్తుంది, అంతకన్నా ముఖ్యంగా నిర్దోషిని విడిపిస్తుంది. అయితే అదీ సర్వం చెప్పదు. ఆ మరక ఎవరిదో చెబుతుంది గాని, ఎప్పుడు పడింది, ఎలా పడిందన్నది చెప్పలేదు. దాన్ని మనుషులే ఆలోచించి తేల్చాలి.

చదివేటప్పుడు

కాబట్టి మిత్రులారా, ఇకమీదట ఇలాంటి పుస్తకం చేతికి వస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కథ చెబుతున్నది ఎవరు, అలా చెబితే వాళ్లకు లాభమేమిటి? మాట కాకుండా వస్తువు రూపంలో రుజువు ఉందా? చనిపోయినవాళ్లు మనుషులుగా కనపడుతున్నారా, అంకెలుగానా? నేరం ఒక మనిషిదిగా చెబుతున్నారా, ఒక కులానికో ఊరికో అంటగడుతున్నారా?

మనలో చాలామందిమి ఏదో ఒకచోట పేరు చెప్పగానే ఎదుటివాళ్ల చూపు మారడం చూసినవాళ్లమే. అందుకే ఈ ప్రశ్నలు మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. రేపు మీలో ఒకరు పోలీసు అధికారి కావచ్చు, విలేకరి కావచ్చు, నాచారం నుంచి ఉప్పల్‌కు మారిన ఆ కేంద్రంలోనే శాస్త్రవేత్త కావచ్చు. అప్పటిదాకా మన గదిలో ఏదైనా వస్తువు పోతే, ఎవరి పెట్టె అయినా తెరవమని అడిగే ముందు, మన పెట్టె అడుగున పేపరు ఒకసారి ఎత్తి చూసుకుందాం.