అంచులో ఎనిమిది చుక్కలు

టెక్కలిలో మా ల్యాబు పిల్లలకు 'వి' ఎడిటరు చూపించిన రోజున ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొత్త ఫైలు తెరవగానే తెర ఎడమ పక్కన పైనుంచి కిందిదాకా టిల్డాలు (~) వరస కడతాయి. ఈ ఏడాది ఆ ప్రశ్న వజ్రపుకొత్తూరు వైపునుంచి వచ్చే అమ్మాయి వేసింది.

"సార్, ఇవేటండి? నేను కొట్టలేదు. చెరుపుదామంటే కర్సరు వాటిమీదికి ఎళ్లట్లేదు."

"అవి నీ ఫైల్లో ఉన్నాయా, తెరమీద ఉన్నాయా?"

"రెండూ ఒకటే కదండి?"

సేవ్ చేసి సైజు చూడమన్నాను. సున్నా బైట్లు. ఫైల్లో ఏమీ లేదు, తెరమీద మాత్రం ఇరవైకి పైగా టిల్డాలు. అవి ఎడిటరు మాటలు: నీ ఫైలు ఇక్కడితో అయిపోయింది, ఈ కిందివి ఖాళీ వరసలు కూడా కావు, అసలు లేని వరసలు అని చెబుతోంది. ఖాళీ వరసకూ లేని వరసకూ ప్రోగ్రాములో తేడా ఉంది కాబట్టి చెప్పవలసిన మాటే. కానీ ఆ అమ్మాయి ఊరుకోలేదు. "చెప్తే పక్కన చెప్పొచ్చు కదండి, మనం రాసుకునే చోట ఎందుకు?" అంది.

ఆ చోటు దొరకడానికి ఎడిటర్లకు పాతికేళ్లు పట్టింది.

1976లో బర్కిలీలో బిల్ జాయ్ వి రాసే రోజుల్లో అతని ముందున్నది లియర్ సీగ్లర్ కంపెనీవాళ్ల ఏడీఎం-3ఏ టెర్మినలు. 24 వరసలు, వరసకు 80 గళ్లు. ఒక్కో గడిలో ఒక అక్షరం వేయగలదు. గీత గీయలేదు, చుక్క పెట్టలేదు, రంగుల ఊసే లేదు. ఎడిటరు ఏం చెప్పదలచుకున్నా అక్షరాలతోనే, ఆ గళ్లలోనే చెప్పాలి. పైగా ఇంటినుంచి మోడెం మీద పనిచేస్తే వేగం 300 బాడ్, అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. 1920 గళ్లూ నిండాలంటే నిమిషం దాటిపోతుంది. అందుకని వి ప్రతి అక్షరాన్నీ పొదుపుగా ఖర్చుపెట్టింది. లేని వరసకు ఒక్క టిల్డా. ఒక వరస చెరిపితే కిందివన్నీ పైకి జరిపి మళ్లీ గీయడం ఎందుకని, నెమ్మది లైన్ల మీద ఆ చోట ఒక '@' పెట్టి వదిలేసేది. పిసినారితనంలోనూ ఒక అందం ఉంటుందంటే నాకు వి గుర్తొస్తుంది.

చెప్పే మాటను రాతకు బయట ఉంచే ఈ ఒక్క విషయంలో మాత్రం టైపు మిషను దానికన్నా ముందుంది. పలాసలోనో సోంపేటలోనో టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్లి లోయరు, హయ్యరు కట్టినవాళ్ల చెవుల్లో ఆ గంట ఇంకా మోగుతూనే ఉంటుంది. క్యారేజీ వెనక పట్టీమీద రెండు మార్జిను స్టాపులుంటాయి. కుడి స్టాపుకు ఇంకా కొన్ని అక్షరాల దూరం ఉందనగా ఒక మీట చిన్న సుత్తిని ఎత్తి వదులుతుంది, గంట మోగుతుంది. ఇక పెద్ద మాట ఎత్తుకోవద్దని అర్థం. వినకుండా కొడుతూ పోతే స్టాపు తగిలి కీలు బిగుసుకుంటాయి. మాటలో ఒక్క అక్షరమే మిగిలిపోతే మార్జిను రిలీజు నొక్కి ఆ కాస్తా పూర్తి చేసుకోవచ్చు. తెలుగు మిషనులో ఇంకో తమాషా. ఒత్తులూ కొన్ని గుర్తులూ క్యారేజీని కదపని కీలమీద ఉంటాయి. గంట లెక్కపెట్టేది క్యారేజీ వేసిన అడుగుల్ని కాబట్టి, మాటలో ఎన్ని ఒత్తులు పడ్డా దానికి పట్టదు. ఇంతా చేసి ఆ హెచ్చరిక కాగితం మీద ఎక్కడా పడదు. తాటాకు ప్రతులు రాసినవాళ్లు కూడా ఆకు సంఖ్యను ఎడమ అంచులో వేశారు తప్ప పద్యం మధ్యలో దూర్చలేదు.

వికి ప్రత్యర్థి ఈమాక్స్. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్‌ను 1985లో జనానికి విడుదల చేశాడు. టెర్మినలు మీద దాని అవస్థా అదే. పొడుగాటి వరస తెరలో పట్టక కింది వరసలోకి మడత పడితే కుడి చివర గడిలో ఒక వెనకవాటు గీత, '\' వేసేది. మడవకుండా కోసేస్తే '$' వేసేది. ఈ గుర్తు కోసం చివరి గడి ఎప్పుడూ రిజర్వులో ఉండాలి గనక 80 గళ్ల తెరమీద మన రాతకు దక్కేవి 79. ఆ ఒక్క గడి పోతే పోయింది. అసలు చిక్కు మరోచోట ఉంది. సీ భాషలో పెద్ద మ్యాక్రో రాసేటప్పుడు వరస చివర అదే '\' నిజంగా కొట్టాలి, వరస ఇంకా ఉందని కంపైలరుకు చెప్పడానికి. షెల్ స్క్రిప్టుల్లోనూ అంతే. అంటే తెర చివర కనిపించే '\' మీరు కొట్టిందా, ఈమాక్స్ కొట్టిందా? చూపుతో తేలదు. టిల్డాల విషయంలో మా ల్యాబు అమ్మాయికి వచ్చిన అనుమానమే ఇక్కడ చేయితిరిగిన ప్రోగ్రామర్లకూ వచ్చేది.

గళ్లు కాక చుక్కలు (పిక్సెళ్లు) వేయగల తెరలు వచ్చాక కూడా గ్నూ ఈమాక్స్ చాలాకాలం గళ్లలోనే ఆలోచించింది. ఈలోగా లూసిడ్ అనే కంపెనీ తన సీ++ ఉత్పత్తికి మంచి ఎడిటరు కావాలని, కొత్త గ్నూ ఈమాక్స్ కోసం ఎదురుచూసి విసిగి, 1992లో తన సొంత చీలికను బయటికి వదిలింది. జేమీ జవిన్‌స్కీ ముందుండి నడిపిన లూసిడ్ ఈమాక్సే తరువాత ఎక్స్‌ఈమాక్స్ అయింది. రాత పక్క మార్జిన్లలో చిన్న బొమ్మలు పెట్టే ఏర్పాటు వాళ్లు ముందే చేసుకున్నారు. గ్నూ పక్షం బదులు చెప్పింది 2001 అక్టోబరులో, 21వ ఈమాక్స్‌తో. గెర్ట్ మ్యోల్‌మాన్ తెరమీద గీసే యంత్రాంగాన్నంతా తిరగరాశాడు. ఆ తిరగరాతలో కిటికీకి రెండు పక్కలా సన్నని పట్టీలు పుట్టాయి. వాటినే ఫ్రింజ్ అంటారు. మామూలుగా ఒక్కోటి 8 చుక్కల వెడల్పు. తమాషా ఏమిటంటే, దానికి సుమారు నెల ముందు, సెప్టెంబరులో, బ్రామ్ మోలెనార్ తన విమ్ 6.0లో వరస పక్కన గుర్తులు పెట్టే కమాండు తెచ్చాడు. అతను టెర్మినలును వదలలేదు. రాతలోంచి రెండు గళ్లు కోసి, అందులో రెండక్షరాల గుర్తు పెట్టాడు. రెండు పక్షాలూ ఒకే సమయానికి ఒకే ప్రశ్నకు చెరో జవాబు ఇచ్చాయి. నా ఓటు చుక్కలకే. అంచు గళ్ల లెక్కలోకి రాదు, అందులో అక్షరం ఉండదు. ఏది ఎవరు రాశారన్న సందేహానికే చోటు లేదు.

ఇక ఆ పట్టీలో జరిగే పని చూద్దాం. ఈమాక్స్ తెరను వరసలు వరసలుగా పేర్చుకుంటుంది. ఒక వరసలో ఏ అక్షరాలు పడతాయో తేలేదాకా అంచును ముట్టుకోదు. తేలాక ఆ వరస గురించి విచారిస్తుంది. మీరు సొంతంగా ఏదైనా గుర్తు పెట్టారా? పెడితే అదే. లేకపోతే, వరస తెగిందా? తెగితే తిన్నని బాణం. లేకపోతే, ఇది ఫైలు మొదలా, చివరా? ఆ గుర్తు కావాలని మీరు అడిగి ఉంటే అది. కాకపోతే, మడతా? వంకర బాణం. అదీ కాకపోతే, లేని వరసా? దానికీ ఒక గుర్తు ఉంది, అడిగితేనే వేస్తుంది. (వి అలవాటు పోనివాళ్ల కోసం ఈ చోట టిల్డా గీసే చిన్న ప్యాకేజీ కూడా ఎవరో రాసిపెట్టారు. పాత ప్రత్యర్థి గుర్తును తెచ్చి అంచులో కూర్చోబెట్టడం!) బస్సులో కిటికీ సీటు లాగా, వరసకు ఒక్కో పక్క ఒక్కటే చోటు; పై హక్కుదారు వస్తే కిందివాడు లేవాలి. ఒక్క డీబగ్గరు బాణానికి మాత్రం మినహాయింపు. ప్రోగ్రాము ఏ వరస దగ్గర ఆగిందో చూపే ఆ బాణం ఉన్న గుర్తు మీదే ఎక్కుతుంది.

గుర్తు బొమ్మ ఎలా ఉంటుంది? ఇక్కడికి వచ్చేసరికి క్లాసులో గ్రాఫు కాగితాలు పంచాను. ఎడమ పక్క కనిపించే వంకర బాణం ఈమాక్స్ సోర్సులో ఎనిమిది సంఖ్యలు, అంతకుమించి ఏమీ లేదు: 60, 124, 192, 228, 252, 124, 60, 124. ఒక్కో సంఖ్య ఒక అడ్డు వరస. ఎనిమిది గళ్లకు ఎడమనుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు రాయండి. 60 అంటే 32, 16, 8, 4 కలిపితే వచ్చేది. ఆ నాలుగు గళ్లు నింపండి, మిగతావి వదిలేయండి. 124కు 64 కూడా చేరుతుంది. 192కు మొదటి రెండు గళ్లే. ఇలా ఎనిమిది వరసలూ నింపేసరికి పైనుంచి ఎడమకు వంగి లోపలికి తిరిగే బాణం తేలుతుంది. బైనరీ సంఖ్యలు ఎందుకండీ అని అడిగే పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

నిండిన గడి ఒకటి, ఖాళీ గడి సున్నా. రంగు ఈ సంఖ్యల్లో ఉండదు. గీసేటప్పుడు ఒకటి ఉన్నచోట ముందురంగు, సున్నా ఉన్నచోట వెనకరంగు పడతాయి. రంగు మారిస్తే ఎనిమిది సంఖ్యల అదే బొమ్మ ఎర్రగా అయితే తప్పుకు, పచ్చగా అయితే ఒప్పుకు పనికొస్తుంది.

2007లో వచ్చిన 22వ ఈమాక్స్ నుంచి ఈ సంఖ్యలు మనమే ఇవ్వవచ్చు. డిఫైన్-ఫ్రింజ్-బిట్‌మ్యాప్ అనే ఫంక్షనుకు ఒక పేరూ, సంఖ్యల వరసా అందిస్తే చాలు. పలాస పక్కన ఉండి మనం గీయవలసిన బొమ్మ వేరే వెతకాలా? 60, 126, 252, 240, 240, 252, 126, 60. గ్రాఫు కాగితం మీద నింపి చూడండి: వీపు ఎడమకు, నొక్కు కుడికి ఉన్న జీడిపిక్క. ఎనిమిది చుక్కల్లో గుండ్రటివేవీ సరిగ్గా రావు, గుండ్రం చేయబోతే రాయిలాగా తేలుతుంది. కానీ వంపు ఉన్నవి బాగా వస్తాయి, నొక్కు దగ్గర ఖాళీ గళ్లు తగిలేసరికి కన్ను మిగతాది తనే పూరించుకుంటుంది.

నేను తెలుగు వ్యాసాలు దిద్దేటప్పుడు అనుమానం ఉన్న వాక్యం పక్కన ఈ జీడిపిక్క పెడతాను. పెట్టే పద్ధతిలోనే చమత్కారం ఉంది. రాత మీద ఓవర్లే అనే పారదర్శకమైన పొర ఒకటి పరచి, దాని ముందు ఒక ఉత్తుత్తి అక్షరాన్ని ఉంచి, ఆ అక్షరాన్ని తెరమీద చూపించాల్సి వచ్చినప్పుడు అంచులో ఫలానా బొమ్మ వేయమని చెప్పాలి. అక్షరం తెరమీదికి రాదు, ఫైల్లోకి అసలు పోదు. వంద జీడిపిక్కలు పెట్టి సేవ్ చేసినా ఫైలు సైజు ఒక్క బైటు పెరగదు.

తెలుగుకు మాత్రం కొన్ని సర్దుబాట్లు తప్పవు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, అందుచేత తెలుగు వరస ఇంగ్లీషు వరసకన్నా ఎత్తు. ఎనిమిది చుక్కల బొమ్మను ఈమాక్స్ మామూలుగా వరస నడిమికి సర్దుతుంది. పైకి గానీ కిందికి గానీ ఆనించమని చెప్పవచ్చు. పేరాగ్రాఫు పొడుగునా నిలువు గీత కావాలంటే, బొమ్మను వరస ఎత్తు నిండేదాకా మళ్లీ మళ్లీ వేయమనాలి. లేకపోతే గీత వరస వరసకూ తెగి కనిపిస్తుంది. ఇప్పటి చిక్కటి తెరలమీద ఇంకో బాధ: చుక్క చుక్కగానే ఉంటుంది, పెరగదు. అక్షరాలు పెద్దవి చేసినా జీడిపిక్క ఆవగింజలాగే మిగులుతుంది. 16 చుక్కల వెడల్పుతో మళ్లీ గీసుకుని, అంచు కూడా అంతకు పెంచుకోవాలి. దీనికి భిన్నంగా, చోటు వృథా అని అంచును 4కు తగ్గిస్తే బొమ్మ సగంలో తెగుతుంది. సున్నా చేస్తే పట్టీ పోయి, ఆ పాత '\' చివరి గడిలోకి తిరిగొచ్చి కూర్చుంటుంది.

ఆపైన జరిగింది చాలామందికి తెలిసిందే. టైపు చేస్తుండగానే తప్పులు పట్టే ప్రోగ్రాములు వాటి గుర్తులకు అంచునే వాడుకున్నాయి. ఏ వరస మారింది, ఏది కొత్తగా చేరింది అని గిట్ చెప్పే రంగుగీతలూ అక్కడికే చేరాయి. 2018లో 26వ ఈమాక్స్ వరస సంఖ్యలను కూడా తానే గీయడం మొదలుపెట్టింది. ఇప్పుడు మా పిల్లలు ఎక్కువగా వాడే వీఎస్ కోడ్‌లో ఎడమ పట్టీ మీద క్లిక్ చేస్తే ఎర్రచుక్క పడి ప్రోగ్రాము అక్కడ ఆగుతుంది. దాని అంచులో ఇన్ని విషయాలు చేరిపోయాయి గనక ఏది చూడాలో తెలియని గొడవ మొదలైంది. అది వేరే కథ.

తెలుగు రాసేవాళ్లకు ఒక్క సెట్టింగు చెప్పి ముగిస్తాను. మామూలుగా ఈమాక్స్ కిటికీ అంచు తగలగానే మాటను నడిమికి విరిచేస్తుంది. సంధులతో పొడుగైన తెలుగు మాటలకు ఇది మరీ అన్యాయం. విజువల్-లైన్-మోడ్ వేస్తే మాటల మధ్య ఖాళీ దగ్గరే మడుస్తుంది, కానీ మడత బాణాలను దాచేస్తుంది. అప్పుడు పేరా ఎక్కడ ముగిసిందో, వరస ఎక్కడ మడత పడిందో తేడా తెలియదు. విజువల్-లైన్-ఫ్రింజ్-ఇండికేటర్స్ అనే చోట ఎడమకు ఏమీ వద్దని, కుడికి వంకర బాణం కావాలని రాయండి. బాణాలు కుడివైపుకే పరిమితమవుతాయి. ఎడమ అంచు జీడిపిక్కలకు వదిలేయవచ్చు.