పన్ను జివ్వుమంటే పారాహుషార్!

ఎండన పడి వచ్చి ఐసు వేసిన సోడా గుక్కెడు తాగగానే పన్ను జివ్వుమని లాగుతుంది. కొందరు ఆ వైపు నమలడమే మానేస్తారు. మరికొందరు బుగ్గన లవంగం పెట్టుకుని సరిపెట్టుకుంటారు. అయితే ఆ బాధ ఎంతసేపు నిలిచిందన్న దాన్నిబట్టి పన్ను లోపలి పరిస్థితిని దంతవైద్యులు చాలావరకు అంచనా వేయగలుగుతారు.

పంటిపై ఉండే పింగాణి పొరకు నొప్పి తెలియదు. దాని కింద ఉన్న డెంటిన్ పొరలో కంటికి కనిపించని సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి నిండా ద్రవమే. ఇటుక పొడితో, బొగ్గుతో గట్టిగా తోమి పళ్లు అరగదీసుకున్నా, చిగుళ్లు జారినా, పుచ్చు పట్టినా ఈ గొట్టాల మూతులు బయటపడతాయి. చల్లదనం తగలగానే వాటిలోని ద్రవం కదిలి, లోపలి నరాన్ని రేపుతుంది. స్వీడన్‌కు చెందిన బ్రన్‌స్ట్రోమ్ 1960 దశకంలో బలపరిచిన ఈ సిద్ధాంతాన్ని దంతవైద్య విద్యార్థులు నేటికీ చదువుకుంటున్నారు.

లవంగం చిట్కా

పెద్దలు చెప్పే లవంగం చిట్కాలో నిజం లేకపోలేదు. పంటి కణాలలో చలిని పసిగట్టే ఒక ప్రోటీనును జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలపై పరిశోధించి 2021లో గుర్తించారు. లవంగ నూనెలోని యూజినాల్ దాని పనిని అడ్డుకుంటుంది. అయితే నొప్పి తగ్గుతుందే గాని పుచ్చు ఆగదు.

నరం బతికే ఉందా?

పళ్ల డాక్టరు బాగా చల్లబరచిన దూదిని పంటికి తాకించి, పక్క పళ్లతో పోల్చి చూస్తారు. దూది తీసిన కొద్ది సెకన్లలో నొప్పి పోతే నరం కోలుకునే స్థితిలో ఉన్నట్టు. పుచ్చు తీసి సిమెంటు నింపితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. అర నిమిషం దాటినా సలుపు తగ్గకపోతే నరం బాగా దెబ్బతిన్నట్టు భావిస్తారు. వేడి కాఫీకి ప్రాణం విలవిలలాడి, చన్నీళ్లు పుక్కిట పడితే గాని ఉపశమనం లేకపోయినా అదే సూచన. అప్పుడు రూట్ కెనాల్ చికిత్సో, పన్ను తీయించుకోవడమో తప్పకపోవచ్చు.

డాక్టర్లకూ వేడితో జాగ్రత్త తప్పదు. కోతుల పళ్లపై 1965లో జరిపిన ప్రయోగంలో లోపలి గుజ్జు వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగేసరికి కొన్ని పళ్లలో నరం కోలుకోలేదు. పన్ను తొలిచేటప్పుడు నీళ్లు చిమ్మడం అందుకే.

నొప్పి మాయమైతే?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రోజుల తరబడి బాధించిన పన్ను మందూ మాకూ లేకుండా ఒక్కసారిగా ఊరుకుంటే నయమైందని సంబరపడతారు. లోపల నరం చచ్చి ఉండవచ్చు. ఇక ఐసు పెట్టినా పన్ను పలకదు. ఆ తర్వాత వేరు చివర చీము చేరి, దవడ వాచాక గాని సంగతి తెలియదు.

జివ్వుమంటున్నప్పుడే చూపించుకుంటే సిమెంటుతో పోయేది, పన్ను మూగబోయాక వెళితే పన్నుతోనే పోవచ్చు.