పెరటి హద్దున వాక్కాయపొద

పెరటిలో మొక్క నాటవలెనన్న ముందుగా తోచునది నీటి చింత. మల్లెకును అరటికిని నీరు మోయువారము మనమే కదా! వేరూనిన పిమ్మట వాననీటితోనే బ్రతికి, కంచెగా నిలిచి, ఏటేట పులుపు నిచ్చు వాక్కాయను గూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

అమరకోశమున దీనికి కరమర్దకము, కృష్ణపాకఫలము అను పేళ్లు కలవు. పండి నల్లబడు ఫలము గలదని రెండవదాని యర్థము. తెల్లని పూవులు మల్లెలవలె పరిమళించును. కాయ తొలుత పచ్చగా నుండి, గులాబివన్నె దిరిగి, తుదకు నల్లబడును.

గింజ దాచిన మొలకెత్తు శక్తి త్వరలో నశించును. కావున శ్రావణ భాద్రపదములలో మాగిన పండ్లను పిసికి, గింజలు కడిగి, వెంటనే ఇసుకయు మన్నును పశువుల యెరువును కలిపిన కుండలో విత్తవలెను. మరుసటి తొలకరికి మొక్కలను నేలలో నాటవచ్చును. కంచెకైనచో మూడడుగుల కొకటి, విడిపొదకైనచో ఎనిమిది పదియడుగుల యెడము చాలును. రాతినేలయైనను సరియే గాని, మొదట నీరు నిలువరాదు. తొలి రెండు వేసవులు మాత్రము నీరు పోయవలెను. మూడవయేట కాపు మొదలగును.

పిల్లలు తిరుగు నింట ముండ్లచెట్టేల యని కొంద రందురు. ముండ్లు వాడియైనవే. అందుచేతనే దానిని నడకదారికిని నూతికిని దూరముగా, హద్దున నాటవలెను. ఆ ముండ్లే మేకలను పశువులను లోనికి రానీయవు. కాయ కోయునపుడు పాలు కారి చేతుల కంటును. ముందుగా నూనె రాచికొనవలెను. ఆ చేతులు కంటికి తగులనీయరాదు.

కాయలను చీల్చి గింజలు తీసి కందిపప్పులో వేసిన చింతపం డక్కరలేదు. పులిహోరకును పచ్చడికిని ఊరగాయకును ఇది శ్రేష్ఠము. దోరపండ్ల రసము పంచదారతో కాచిన చక్కగా గడ్డకట్టును. బజారులో చెర్రీలని అమ్ము ఎర్రని పండ్లలో పెక్కు, రంగువేసి పాకమున ఊరవైచిన వాక్కాయలే!

ప్రహరీగోడ కట్టునపుడు తొలుత గొడ్డలి పడునది ఈ పొదమీదనే. పిదప అవే కాయలను బజారున కొనుచున్నాము. గోడ వెంబడి నాలుగడుగుల నేల విడిచిన రెండును నిలుచును. ఆ మాట గోడకు పునాది తీయకమునుపే ఇల్లాలు నోరు విప్పి చెప్పవలెను. పెరటి పులుపు విలువ వంట చేయు చేతికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు.