శీతలయంత్రమునకు మంచు పట్టుట



వాడపల్లి గౌతమీతీరమున నున్న గ్రామము. వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారములు మ్రొక్కుకొని వచ్చు జనముతో శనివారమునాడు ఆ యూరు క్రిక్కిరిసి యుండును. చుట్టును కొబ్బరితోటలు, అరటితోటలు, కాలువలు. ఇట్టి చోట మంచు అను మాట ధనుర్మాసపు వేకువను గడ్డిపరకలపై నిలుచు బిందువులకే చెల్లును గాని, గడ్డకట్టిన మంచు ఇచ్చటి యాకాశమునుండి యెన్నడును రాలదు. అయినను, రోహిణీకార్తె యెండలలో మేడగది గోడకు తగిలించిన ఏసీ మూత తెరచి చూచిన గృహస్థునకు లోపల తెల్లని మంచుగడ్డ కనబడుట వింత గాదు. చల్లదనము కొరకే గదా యంత్రమును కొంటిమి, మంచు పట్టినచో మరింత మేలే యని కొంద రనుకొందురు. సంగతి తారుమారు. మంచు పట్టిన యంత్రము గదిని చల్లబరుపదు. కరెంటును మాత్రము ఎప్పటివలెనే వాడును. ఉపేక్షించినచో దానికి గుండెకాయ వంటి కంప్రెసరు చెడును. అది చెడినపిమ్మట బాగుచేయించుటకంటె క్రొత్త యంత్రమును కొనుటయే నయమని మెకానిక్కులు చెప్పుట చాల యిండ్లవారికి అనుభవమే.

ఈ మంచు ఎట్లు పుట్టుచున్నదో తెలియవలెనన్న, ముందుగా యంత్రము చేయు పని యేమో తెలియవలెను. ఏసీ చల్లదనమును తయారుచేయదు. గదిలోని వేడిమిని తోడి వెలుపల పారబోయును, అంతియే. నీరు మెరకనుండి పల్లమునకు తనంతట పారును. పల్లమునుండి మెరకకు ఎక్కింపవలెనన్న ఏతము వేయవలెను. వేడిమియు నట్టిదే. వేడి వస్తువునుండి చల్లని వస్తువునకు అది తానే పోవును. చల్లని గదినుండి ఎండలో మాడుచున్న పెరటిలోనికి దానిని పంపవలెనన్న ఏతము వంటి సాధన మొకటి కావలెను. అందుకే దీనిని ఇంగ్లీషువారు హీట్ పంపు, అనగా వేడిమిని తోడు యంత్రము, అని పేరుపెట్టిరి. కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను పూర్తిచేసిన 1852వ సంవత్సరముననే, తరువాత కెల్విన్ ప్రభువని పేరొందిన విలియం థామ్సను, ఇట్టి యంత్రముతో భవనములను చల్లగా చేయవచ్చును, వెచ్చగాను చేయవచ్చునని వ్రాసెను. కోనసీమకు నీరు పారించిన యేడును, వేడిమిని పారించు ఉపాయము వెల్లడియైన యేడును ఒకటియే యగుట యాదృచ్ఛికమే గాని, తలచుకొనుటకు ముచ్చటగా నున్నది.

ఇక తోడుట యెట్లు? వేసవిలో కూజా నీరు చల్లబడుట మన మెరిగినదే. మట్టి రంధ్రములనుండి ఊరిన తేమ ఆవిరియగుచు, అందుకు వలయు వేడిమిని లోపలి నీటినుండి లాగుకొనును. ఒక గ్రాము నీరు అట్లు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడిమి కావలెను. ఏసీలో నీటికి బదులు మరియొక ద్రవము కలదు. దానినే మెకానిక్కులు గ్యాసు అందురు. ఇది సామాన్యమైన గాలిపీడనమున సున్నకు ఎంతో దిగువనే మరగిపోవును. ఆర్-22 అనునది సున్నకు దిగువ 41 డిగ్రీలవద్దను, ఇప్పటి యంత్రములలో తరచుగా వాడు ఆర్-32 అనునది సున్నకు దిగువ 52 డిగ్రీలవద్దను మరగును. గదిలోని పెట్టెయందు సన్నని రాగిగొట్టముల చుట్టలు, వానిపై దగ్గర దగ్గరగా కూర్చిన అల్యూమినియము రేకులు నుండును. ఈ చుట్టలలో గ్యాసు మరగుచు, ఫ్యాను తోలు గాలినుండి వేడిమిని గ్రహించును. కంప్రెసరు ఆ యావిరిని నొక్కి వెలుపలి పెట్టెకు పంపగా, అచ్చట అది వేడిమిని విడిచి మరల ద్రవమగును.

పీడనము తగ్గినకొలది ద్రవము మరింత చల్లని స్థితిలోనే మరగును. ఈ యొక్క నియమమును మనసున నుంచుకొన్నచో తక్కిన దంతయు సులభముగా బోధపడును. యంత్రము సరిగా నడుచునపుడు లోపలి చుట్ట వేడిమి సున్నకు పైన కొద్ది డిగ్రీలుండునట్లు పీడనమును అమర్చియుందురు. దానిని తాకిన గాలిలోని తేమ నీరై కారి, సన్నని గొట్టము వెంట వెలుపలికి పోవును.

కోనసీమ గాలిలో తేమకు కొదువ లేదు. 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని మోయగలదు. 10 డిగ్రీలవద్ద 9 గ్రాములకు మించి మోయలేదు. సున్నవద్ద అయిదు గ్రాములైనను నిలువవు. మిగిలినది నీరై దిగవలసినదే. కావున మన ప్రాంతమున ఏసీ గొట్టమునుండి బొట్లుబొట్లుగా, ఒక్కొక్కప్పుడు ధారగా నీరు కారుట దోషము గాదు, ఆరోగ్యలక్షణము. ఉక్కపోతదినమున గంటలకొలది యంత్రము నడచుచున్నను ఆ గొట్టము పొడిగా నున్నచో, అప్పుడు అనుమానింపవలెను. నీరు దారి మూసికొనిపోయి లోపల నిలుచుచుండవలెను, లేదా చుట్టపైననే గడ్డకట్టుచుండవలెను.

చుట్ట వేడిమి సున్నకు దిగువకు జారుటకు ముఖ్యముగా రెండు దారులు గలవు. మొదటిది గాలికొరత. వడపోత జల్లెడపై దుమ్ము, దూది పేరుకొన్నను, ఫ్యాను రెక్కలకు మడ్డి పట్టినను, పెట్టె ముందర బీరువాయో పరదాయో అడ్డముగా నున్నను, చుట్టకు అందవలసిన వేడి గాలి అందదు. మరగుటకు వేడిమి చాలక పీడనము పడిపోవును. పీడనము పడగా చుట్ట గడ్డకట్టునంత చల్లనగును. వానకాలపు రాత్రి, గది యిదివరకే చల్లగా నుండగా, యంత్రమును 16 డిగ్రీలకు పెట్టి, ఫ్యానును మందముగా నుంచి, తలుపులు తెరచి మూయుచు తెల్లవార్లు నడపినను ఇట్టిదే జరుగవచ్చును. చుట్ట మితిమీరి చల్లబడినపుడు కంప్రెసరును ఆపుటకు చిన్న సెన్సారు నొకదానిని యంత్రములలో అమర్చుదురు గాని, అది ఊడిపోయినను చెడినను కాపలా లేనట్లే. భారతదేశమున 2020 జనవరినుండి స్టార్ గుర్తుగల గది ఏసీలు మొదట 24 డిగ్రీలవద్ద నుండునట్లు నియమము చేసిరి. అది కరెంటు పొదుపునకై చేసినదే యైనను, మంచు విషయమునను మేలే.

రెండవది గ్యాసుకొరత. గొట్టపు అతుకునందు సూదిమొనయంత రంధ్రమున్నను గ్యాసు మెల్లగా జారిపోవును. ఉన్న కొంచెము గ్యాసు తక్కువ పీడనమున మరగుటచే, చుట్టలో అది ప్రవేశించు భాగము మాత్రము మంచుగట్టి, తక్కిన భాగము పొడిగా, ఇంచుమించు గదియంత వేడిగా నుండును. వెలుపలి పెట్టెకు తగిలియున్న సన్నగొట్టముపై తెల్లని మంచు కనబడుటయు దీని గుర్తే. గాలికొరతవలన పుట్టిన మంచైనచో తరచుగా చుట్ట అంతటను పరచుకొనును. అనుభవశాలియగు మెకానిక్కు ఈ భేదమును చూడగనే గ్రహించును. గృహస్థుడును కొంతవరకు గ్రహింపగలడు.

ఒకసారి మంచు మొదలయ్యెనా, అది తన్ను తానే పెంచుకొనును. రాగితో పోల్చినచో మంచు వేడిమిని నూరురెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేయును. రేకుల సందులు పూడగా గాలి మరింత తగ్గును. గాలి తగ్గగా మంచు మరింత పేరును. తుదకు గ్యాసు పూర్తిగా మరగకయే ద్రవరూపమున కంప్రెసరులోనికి పోవును. ఆవిరిని నొక్కుటకు చేసిన యంత్రము ద్రవమును నొక్కజాలదు. కవాటములు విరుగును, నూనె పలుచనగును. కంప్రెసరు చెడుట యిట్లే.

మంచు కనబడినప్పుడు చేయవలసిన దేమి? ముందుగా చల్లబరచుటను ఆపి, ఫ్యాను మాత్రము తిరుగునట్లు చేయవలెను. ఒక గ్రాము మంచు కరగుటకు 80 కేలరీలు కావలెను గనుక తొందర పనికిరాదు; గడ్డ పెద్దదైనచో కొన్ని గంటలు పట్టును. క్రింద గుడ్డయు బేసినయు నుంచి, పరుపును ప్రక్కకు జరుపుడు. కత్తి, స్క్రూడ్రైవరు మొదలగువానితో పొడవకుడు. పాత ఫ్రిజ్ మంచుగదిలో అంటుకొన్న గిన్నెను ఊడదీయుటకు చాకుతో గ్రుచ్చి, గోడలోని గొట్టమును చిల్లుచేసి, అయిదు నిమిషముల పనికి ఫ్రిజ్‌నే పోగొట్టుకొన్న యిండ్లు మన గ్రామములలో లేకపోలేదు. మంచు కరగిన తరువాత స్విచ్చి పూర్తిగా ఆపి, జల్లెడను తీసి, కుళాయినీట కడిగి, నీడను ఆరబెట్టి తిరిగి పెట్టుడు. వాడకము మిక్కుటముగా నున్న కాలమున పదునైదు దినముల కొకమారు ఇట్లు చేయుట మంచిది. యాత్రికుల విడిది గదులలో ఇంకను ముందే చేయవలసి రావచ్చును. తరువాత యంత్రమును నడపి చూడుడు. మంచు రాకున్న మెకానిక్కుతో పని లేదు. మరల వచ్చినచో ఆపివేసి కబురు పంపుడు. పట్టినను సరే యని నడపరాదు.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఏసీలోని గ్యాసు దీపములో చమురువలె ఖర్చగునది గాదు. అది మూసిన గొట్టములలో తిరుగుచునే యుండును. ప్రతి వేసవియందును గ్యాసు నింపింపవలసి వచ్చుచున్నదనిన, ఎచ్చటనో కారుచున్నదని యర్థము. కారుచోటు వెదకక మరల నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. గొట్టములలో నత్రజనిని నింపి, అతుకులకు సబ్బునురుగు పూసి బుడగలు చూచి, రంధ్రమును పూడ్చి, లోపలి గాలిని తేమను పంపుతో లాగివేసి, యంత్రముపై చీటిలో వ్రాసిన తూకము ప్రకారము గ్యాసు పోయవలెను. ఇట్లు చేయుదువా యని మెకానిక్కును ముందే అడుగుట తప్పుగాదు. అంతర్వేది, ఓడలరేవు వైపున సముద్రపు ఉప్పుగాలి రేకులను, అతుకులను తినివేయును గనుక అచ్చటివారు మరింత జాగ్రత్తగా నుండవలెను. ఆర్-32 కొంచెము మండు స్వభావము గలది. ఆర్-290 అనునది ప్రొపేను, అనగా బాగుగా మండునదే. కారుచున్న యంత్రమువద్ద బీడీగాని దీపముగాని పనికిరాదు.

మన జిల్లానుండి అమెరికాకు, కెనడాకు పోయి స్థిరపడిన పిల్లల యిండ్లలో ఈ యంత్రమే తిరుగబడి పనిచేయును. చలికాలమున వెలుపలి గాలిలోని వేడిమిని తోడి ఇంటిలోనికి తెచ్చును. అప్పుడు చల్లబడునది వెలుపలి చుట్ట. మంచు పట్టునదియు అదియే. పలుచని తెల్లని పూత దోషము గాదు. యంత్రము అప్పుడప్పుడు కొద్ది నిమిషములపాటు తన నడకను తిరుగవేసి, వెలుపలి ఫ్యానును ఆపి, చుట్టను వేడిచేసి మంచును కరగించుకొనును. ఆ సమయమున పొగవలె ఆవిరి లేచును. చూచుటకు పోయిన తల్లిదండ్రులు యంత్రమునకు నిప్పంటుకొన్నదని భయపడ నక్కరలేదు. రెండు గంటలైనను గడ్డ కరగక పెట్టెనంతయు కప్పివేసినచో మాత్రము ఉపేక్షింపరాదు. చూరునుండి నీరు దానిపై పడుచున్నదేమో, కురిసిన మంచు చుట్టును పేరి గాలిని అడ్డగించుచున్నదేమో, అడుగున నీరు పోవు రంధ్రములు మూసికొనినవేమో చూడవలెను. పెట్టెను నేలపైన గాక ఎత్తైన పీటమీద నిలుపుట అచ్చటివారి యాచారము. ఇవి సరిగా నున్నను మంచు పోకున్న, నడకను మార్చు కవాటమో, సెన్సారో, ఫ్యానో చెడినట్లు. అచ్చటను మొలతో పొడువరాదు. యంత్రమును ఆపి గోరువెచ్చని నీరు మెల్లగా పోసినచో చాలును. ఆ నీరు కాలిబాటమీద పారి గడ్డకట్టి, నడచువారిని జార్చివేయకుండ చూచుకొనవలెను.