పాత మోడెమ్‌ను సాగనంపవలసిందేనా?

ఇంట్లో ఏ వస్తువుకైనా వయసు మీరితే రెండు తీర్పులు సిద్ధంగా వుంటాయి. "పనిచేస్తూనే వుందిగా, వుండనీ" అనేది పెద్దల తీర్పు. "ఇంకెన్నాళ్ళు వాడతారు, మార్చెయ్యండి" అనేది పిల్లల తీర్పు. కుట్టుమిషను, గోడగడియారం వంటి వాటి విషయంలో ఈ తగవు ఏళ్ళతరబడి తేలకపోయినా కొంప మునగదు. కాని ఇంటర్నెట్టును ఇంట్లోకి తెచ్చే కేబుల్ మోడెమ్ సంగతి అలా కాదు. పరీక్షల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, అమెరికాలో వున్న మనమల ముఖదర్శనం – అన్నీ ఆ చిన్న పెట్టెమీద ఆధారపడి వున్నాయి గదా!

మేముండేది మాణికేశ్వర్ నగర్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని, తార్నాకకు కూతవేటు దూరంలో. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా ద్వారం. వెనుకటి రోజుల్లో యిక్కడుండిన తీగకంచె వల్లనే తార్నాకకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిజమో కాదో గాని, ఇప్పుడు మా సందుల్లో తల ఎత్తితే ఆకాశం కన్న తీగలే ముందు కనబడతాయి.

2025 జూలైలో మా యింటి నెట్టుకు జబ్బు చేసింది. మధ్యాహ్నం చక్కగా వుంటుంది; సాయంత్రం ఏడు దాటిందో లేదో తెగుతుంది, వస్తుంది, మళ్ళీ తెగుతుంది. చినుకు పడితే మరీనూ. సరిగ్గా అప్పుడే పక్కింటి పిల్లవాడు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి మా యింటికి వస్తున్నాడు. వాళ్ళమ్మ కూలిపని చేసి చదివించింది. ఫోనులో నెట్టు లేదా అంటారేమో, వుంది. కాని వందకు పైగా కాలేజీలనూ కోర్సులనూ వరసన పేర్చడం అరచేతంత తెరమీద కుదిరే పని కాదు. వరస తప్పితే సీటు తప్పుతుంది. "సార్, ఎల్లుండే లాస్ట్ డేట్" అని గుమ్మంలో నిలబడ్డాడు.

కేబులబ్బాయిని పిలిపించాను. పెట్టెవంక చూడకుండానే, "పాతదైంది సార్, కొత్తది వేసుకోండ్రి. రెండున్నర వేలల్ల వస్తది" అన్నాడు. మా అమ్మ, "ఒరే, లైట్లన్నీ వెలుగుతున్నాయిరా, దానికేం రోగం?" అన్నది. మా ఆవిడ మాత్రం, "ఏమండీ, తప్పు పెట్టెదో కాదో తేల్చుకున్నాక డబ్బు తీయండి" అన్నది. అదే సబబుగా తోచింది.

ఇంతకీ మోడెమ్ అంటే ఏమిటి? పూర్వం దొరలకూ జమీందార్లకూ మధ్య దుబాసీ వుండేవాడే, అటువంటిది. కంప్యూటరు భాషను కేబుల్ తీగకూ, తీగ మీది అలలను కంప్యూటరుకూ తర్జుమా చేసి చెబుతుంది. ఈ దుబాసీ పాటించే వ్యాకరణానికి డాక్సిస్ అని పేరు. మొదటి డాక్సిస్ 1997లో వచ్చింది. 2006లో వెలువడిన 3.0 పెద్ద మార్పు తెచ్చింది. అంతకుముందరి మోడెమ్‌లకు కిందికి వచ్చే దారి ఒక్కటే. అందులో పట్టేది సుమారు నలభై యాభై మెగాబిట్లు, అదీ పేటలోని యిళ్ళన్నీ పంచుకోవలసిందే. 3.0 వచ్చాక నాలుగో ఎనిమిదో దారులను కలిపి ఒకే బాటగా వాడుకునే వీలు కలిగింది. 2013లో 3.1 వచ్చింది.

అందుచేత మొదట చూడవలసింది పెట్టె అడుగున అంటించిన చీటీ. 2.0 అని వుంటే వాదన అనవసరం, మార్చవలసిందే. మాది 2016లో కొన్నది, 3.0, ఎనిమిది దారులు. మేము కట్టే చందా నలభై మెగాబిట్లకు. హెచ్.డి. బొమ్మకు అయిదు మెగాబిట్లు చాలు. మా యింట్లో అందరూ ఒకేసారి తెరలముందు కూర్చున్నా నలభైకి దాటదు. అంటే మా దుబాసీకి వయసు మీరిందే గాని భాష మరిచిపోలేదన్నమాట.

రెండవ పరీక్ష, జబ్బు వైఫైదా, మోడెమ్‌దా, తీగదా అన్నది. లాప్‌టాప్‌ను తీగతో నేరుగా మోడెమ్‌కే తగిలించి చూడాలి. అలా చూసినా సాయంత్రం తెగుతూనే వుంది. కనుక వైఫై నిర్దోషి. ఇక మోడెమ్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే పుట ఒకటుంది. బ్రౌజరులో 192.168.100.1 అని కొడితే చాలా మోడెమ్‌లలో అది తెరుచుకుంటుంది. కిందికి వచ్చే సంకేతబలం మైనస్ 7కూ ప్లస్ 7కూ మధ్య వుంటే నిశ్చింత. మైనస్ 15 దాటితే ప్రమాదం. సంకేతానికీ రొదకూ వుండే అంతరం 33 డెసిబెళ్ళకు పైన వుండాలి. మా పుటలో బలం మైనస్ 14, అంతరం 29. చెవిలో దూది పెట్టుకున్న దుబాసీని తిట్టి ఏం లాభం? దోషం తీగదే.

మర్నాడు కేబులబ్బాయి వెంట నేనూ మేడ ఎక్కాను. పిట్టగోడమీద టీవీల కాలంనాటి స్ప్లిటర్ ఒకటి దొరికింది. ఒక తీగను రెండుగా చీల్చే యీ డబ్బా ఒక్కో కొమ్మకు సగం బలమైనా యివ్వదు. మూడున్నర డెసిబెళ్ళు అక్కడే పోతాయి. రెండో కొమ్మ ఏనాడో తీసేసిన టీవీకి! పక్కనే వున్న కనెక్టరు వాననీటికి పచ్చగా చిలుము పట్టింది. స్ప్లిటర్ తీసేసి, కనెక్టరు కొత్తది బిగించాడు. బలం మైనస్ 6కు ఎక్కింది, అంతరం 36. ఆ రాత్రి పిల్లవాడు పదకొండుదాకా కూర్చుని తన జాబితా పూర్తిచేసి, గడువుకు ఒకరోజు ముందే సమర్పించాడు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. కేబుల్ వ్యవస్థను మొదట కట్టింది టీవీ కోసం. అంటే బొమ్మ పైనుంచి కిందికి రావడమే గాని, కిందివాళ్ళు పైకి చెప్పేదేమీ లేదు. ఇంటర్నెట్టుకు పైకి పోయే దారి కూడా కావాలి. ఆ దారిలో పేటలోని యిళ్ళన్నిటి రొదా ఒక్కచోటికి చేరుతుంది. ఒక యింటి కనెక్టరు వదులైతే బయటి రొద అందులో దూరి, సందులో అందరి నెట్టునూ చెడగొట్టగలదు. సాయంత్రం అందరూ ఒక్కసారే వాడుతున్నప్పుడు అది బయటపడుతుంది. పిట్టగోడమీది తుప్పు ఒక యింటి సొంత వ్యవహారం కాదు సుమండీ!

సరే, మరి మోడెమ్ మార్చాలా, వద్దా? ఆ ఆగస్టులోనే మాకు దగ్గరి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి అయిదుగురు మరణించారు. దరిమిలా నగరంలో విద్యుత్ స్తంభాలకు వేలాడే కేబుళ్ళను తొలగించడం ముమ్మరమైంది. పాత రాగి కేబుల్ ఆయుర్దాయం ఎంతో ఎవరూ హామీ యివ్వలేని పరిస్థితి. రేపు ఫైబర్ వేయించుకుంటే దానికి కావలసిన పెట్టె వేరు. వెలుతురు భాష తెలిసిన దుబాసీ కావాలి. ఈ రోజు కొన్న కేబుల్ మోడెమ్ ఆ రోజున పనికిరాదు. వైఫై రూటరు అలా కాదు. తీగ మారినా అది వుంటుంది.

కనుక మా యింట తీర్పు యిలా అయింది. మోడెమ్‌ను వుండనిచ్చాము. రూటరుకు తయారీదారు భద్రతా సవరణలు పంపడం ఏనాడో మానేశాడు కాబట్టి దాన్ని మార్చాము. పాస్‌వర్డులూ బ్యాంకు లెక్కలూ దాటే గుమ్మం అది. అక్కడ పొదుపు పనికిరాదు.

మీ యింట తీర్పు వేరు కావచ్చు. చందా వంద మెగాబిట్లు దాటించదలిస్తే మోడెమ్ వెనుక తీగ పెట్టే రంధ్రం కూడా చూసుకోండి. అది వందకే పరిమితమైతే పైది మీ కందదు. మోడెమ్ బాగా వేడెక్కి దానంతట అదే ఆగిపోతూ వుంటే ముందు అడాప్టరు మార్చి చూడండి. చాలాసార్లు ముందు ముసలిదయ్యేది అదే. అప్పటికీ కుదరకపోతే, మీ కేబుల్ సంస్థ ఒప్పుకునే రకమేదో కనుక్కొని అదే కొనండి. వాళ్ళు నమోదు చేసుకోని మోడెమ్ ఎంత ఖరీదైనదైనా లైట్లు వెలిగించి వూరుకుంటుంది. పాతదాన్ని చెత్తబండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్న ఇ-వ్యర్థాల నియమాల కింద అటువంటివాటిని సేకరించేవారికే అప్పగించాలి.

ఇవన్నీ చేసేముందు మాత్రం, ఒక్కసారి మేడ ఎక్కి పిట్టగోడ చూసి రండి.